ఉన్నోళ్ల సరదా, లేనోళ్ల అప్పు: జి.కొండూరు నుంచి ఒక ఖర్చుల లెక్క

2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ తగ్గింది. సబ్బు, తలనూనె, టూత్‌పేస్టు మీద 18 శాతం పన్ను 5 శాతానికి వచ్చింది. సిమెంటు, పెద్ద టీవీ, ఏసీ, 350 సీసీ లోపు బైకుల మీద 28 శాతం కాస్తా 18 అయింది. పిల్లల నోటుపుస్తకాలు, పెన్సిళ్ల మీద పన్నే లేకుండా పోయింది. అంతకు మూడు నెలల ముందే, జూన్‌లో, మన రాష్ట్రంలో తల్లికి వందనం డబ్బు తల్లుల ఖాతాల్లో పడింది. చదువుకునే ఒక్కో బిడ్డకు 15,000 అని ప్రకటించి, అందులో 2,000 బడి నిర్వహణకు మినహాయించి, 13,000 ఇచ్చారు. ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం అయింది.

ఇవన్నీ కలిపితే చాలా ఇళ్లలో ఎంతో కొంత మిగలాలి. మిగిలిందా? మిగిలితే ఆ డబ్బు ఎటు పోయింది? ఈ ప్రశ్న పదిమందిని అడిగితే పది జవాబులు వస్తాయి. పన్నుకు ముందు 80,000 ఉన్న బైకు సంగతే చూడండి. పాత పన్నుతో 1,02,400 అయ్యేది, ఇప్పుడు 94,400. అంటే 8,000 ఆదా. ఆ ఎనిమిది వేలతో ఒకరు పాత అప్పు కొంత తీరుస్తారు. ఇంకొకరు "ఎలాగూ తగ్గింది కదా" అని ఒక మెట్టు పైనున్న మోడల్ కొంటారు. ధర ఇద్దరికీ ఒక్కటే తగ్గినా, ఇంట్లో దేనికి మొదటి పీట వేశారన్నదే తేడా తెచ్చింది.

మన ఇళ్లలో ఖర్చు గురించి మాట వస్తే సాధారణంగా రెండే వాదనలు వినిపిస్తాయి. "ఆదాయం లేదు, అందుకే ఇబ్బంది" అనేది మొదటిది. "ఆదాయం ఉన్నా పొదుపు తెలియదు, అందుకే ఇబ్బంది" అనేది రెండోది. రెండింటిలోనూ కొంత నిజం ఉంది. కానీ రెండూ వదిలేసే మూడో విషయం ఒకటుంది. మన ఖర్చుల్లో కొన్నింటి ధర మన చేతిలో ఉండదు. మనకంటే పైనున్న ఇంటివాళ్లు ఆ ధరను కడతారు, అది మన ఇంటి దాకా దిగివస్తుంది. ఈ వ్యాసం ముఖ్యంగా దాని గురించే.

లెక్కలు ఏం చెబుతున్నాయి

ముందు కొన్ని అంకెలు. కేంద్ర గణాంక శాఖ 2023-24లో చేసిన కుటుంబ ఖర్చుల సర్వే ప్రకారం దేశంలో పల్లెటూళ్లలో ఒక మనిషి నెల ఖర్చు సగటున 4,122 రూపాయలు, పట్నాల్లో 6,996. మన ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో ఇది 5,327, పట్నాల్లో 7,182. అంటే దేశం సగటు కంటే మనం కొంచెం పైనే ఉన్నాం.

సగటు మాటున అసలు సంగతి దాగిపోతుంది. అదే సర్వేలో దేశంలోని పల్లెల్లో అట్టడుగు 5 శాతం మంది ఒక్కొక్కరు నెలకు 1,677 రూపాయలతో బతుకుతున్నారు. పైనున్న 5 శాతం మంది 10,137 ఖర్చు పెడుతున్నారు. ఐదుగురున్న ఇంటికి లెక్కేస్తే కింద ఇంట్లో 8,385, పై ఇంట్లో 50,685. ఒకే ఊళ్లో, ఒకే మసీదులో పక్కపక్కన నిలబడి నమాజు చేసే రెండు ఇళ్ల మధ్య తేడా ఆరింతలు ఉండొచ్చన్నమాట.

పల్లెటూరి ఇంట్లో నూరు రూపాయల ఖర్చులో దాదాపు 47 రూపాయలు తిండికే పోతున్నాయి. పట్నంలో ఇది 40కి కాస్త తక్కువ. ఆదాయం పెరిగేకొద్దీ మొత్తం ఖర్చులో తిండి వాటా తగ్గుతుందని జర్మనీ గణాంకవేత్త ఎర్నెస్ట్ ఎంగెల్ 1857లోనే చెప్పాడు. బెల్జియం కార్మికుల ఇళ్ల ఖర్చులు చూసి ఆయన తేల్చిన మాట అది. ఇప్పటికీ దాదాపు ప్రతి దేశంలో నిజమవుతూనే ఉంది. కడుపు నిండాక మిగిలిన డబ్బు ఎటు పోవాలన్నది మాత్రం ఏ సూత్రమూ చెప్పదు. అక్కడి నుంచి మన ఇష్టాలు, మన భయాలు, మన పరువు రంగంలోకి దిగుతాయి.

మన ఊరి మూడు ఇళ్లు

జి.కొండూరు కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతం. 2022 ఏప్రిల్ 4 నుంచి ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. ఒకవైపు మైలవరం, ఇంకోవైపు కొండపల్లి, ఇబ్రహీంపట్నం. మామిడి తోటలు, పత్తి, మిరప, చెరువుల కింద వరి. పొలం పని లేనప్పుడు కొండపల్లి పారిశ్రామికవాడకో, ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలో కాంట్రాక్టు పనికో, బెజవాడకో పోతారు. ఇటు నందిగామ, జగ్గయ్యపేట వైపు వెళ్తే సిమెంటు ఫ్యాక్టరీలు, హైదరాబాద్ హైవే మీద హోటళ్లు, లారీల పని. ఈ ప్రాంతంలో మన ముస్లిం కుటుంబాలు ఈ పనులన్నిటిలోనూ ఉన్నాయి. కూలీ నుంచి కాంట్రాక్టర్ దాకా, టైలర్ నుంచి టీచర్ దాకా.

ఇక్కడ మూడు ఇళ్లను అనుకుందాం. ఇవి ఎవరి సొంత కథలూ కావు, లెక్క కోసం అనుకున్నవే.

మొదటి ఇల్లు కూలీ ఇల్లు. నెలకు పన్నెండు వేలు వస్తే గొప్ప. అదీ ప్రతి నెలా రాదు. మామిడి కోతలప్పుడు, మిరప కోతలప్పుడు చేతిలో డబ్బు ఆడుతుంది. వానలు పట్టుకున్న నెలలో పొయ్యి వెలగడమే కష్టం. రేషన్ బియ్యం ఉచితం కాబట్టి అన్నానికి లోటు లేదు. పప్పు, నూనె, కూర, మందులు, ఫోన్ రీచార్జి కొనక తప్పదు. ఈ ఇంట్లో షాంపూ, టీపొడి, కారం అన్నీ చిన్న ప్యాకెట్లలోనే వస్తాయి. చిన్న ప్యాకెట్ లెక్కలో ఖరీదు ఎక్కువ పడుతుందని ఆ ఇంటి ఇల్లాలికి తెలియక కాదు. ఐదు రూపాయలు ఉన్నప్పుడు ఐదు రూపాయల సరుకే వస్తుంది.

రెండో ఇల్లు మధ్యతరగతి. ఆటో నడిపేవాళ్లు, వెల్డింగ్ షాపు, చికెన్ సెంటర్, ఫ్యాక్టరీలో పర్మినెంట్ ఉద్యోగం. నెలకు ముప్పై, నలభై వేలు. బైకు ఈఎంఐ, ఫోన్ ఈఎంఐ, పిల్లల ప్రైవేటు బడి ఫీజు, నెలనెలా చీటీ, ఎప్పుడైనా ఒక గ్రాము బంగారం. ఈ ఇంటి వాళ్లు నెల మొదటి వారంలో బాగానే ఉంటారు. ఇరవయ్యో తారీఖు దాటాక ఫోన్ పే చూసుకుంటారు.

మూడో ఇల్లు ఉన్నోళ్ల ఇల్లు. తోటలు, దుకాణాలు, లేదా గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉన్న కొడుకు. బెజవాడలో ఫ్లాటు, ఉమ్రా ప్రయాణం, పిల్లలకు ఇంజినీరింగ్ లేదా మెడిసిన్. ఈ ఇంట్లో నెలాఖరు అనే మాటకు పెద్దగా అర్థం ఉండదు.

ఈ మూడు ఇళ్లకూ ప్రాధాన్యాలు వేరు. మొదటి ఇంటికి ఈ రోజు గడవడం ముఖ్యం. రెండో ఇంటికి మొదటి ఇంటి స్థాయికి జారిపోకుండా ఉండడం ముఖ్యం. మూడో ఇంటికి తన స్థాయి పదిమందికీ కనబడడం ముఖ్యం. తిండి, మందు, బడి విషయంలో మూడు ఇళ్లూ ఎవరి దారిన వాళ్లు ఖర్చు పెట్టుకుంటారు. ఒక్క చోట మాత్రం ముగ్గురూ ఒకే దారిలోకి వస్తారు. అది పెళ్లి.

పేదవాడికి లెక్క తెలియదా?

పెళ్లి సంగతికి ముందు ఒక అపోహ తీరాలి. "తినడానికి లేదు గానీ టీవీ కావాలి, పండక్కి కొత్త బట్టలు కావాలి" అని ఉన్నవాళ్లు అనడం వింటూనే ఉంటాం. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో 2019లో నోబెల్ బహుమతి అందుకున్న ఆర్థికవేత్తలు. వీళ్లు 2007లో రాసిన ఒక అధ్యయనంలో రాజస్థాన్‌లోని ఉదయపూర్ పేదల ఖర్చులు ఉన్నాయి. అక్కడి మధ్యస్థ పేద కుటుంబం ఏడాది ఖర్చులో 10 శాతం దాకా పండగలకే పెడుతోందని తేలింది. ఏడాదిలో పెళ్లికో, చావుకో, పండగకో ఏదో ఒకదానికి ఖర్చు పెట్టని ఇల్లు దాదాపు లేదు.

ఇది తెలివితక్కువతనం కాదు. ఏడాదంతా రెండు రంగుల మధ్య బతికే మనిషికి ఒక పండగ రోజు కావాలి. రంజాన్ నాడు బిడ్డకు కొత్త జత కుట్టించలేని తండ్రి బాధ ఏ సర్వే పట్టికలోనూ పట్టదు. పైగా పల్లెలో విందు పెట్టడం అంటే డబ్బు తగలేయడమే కాదు. మన ఊళ్లలో పెళ్లిలో చదివింపులు రాసే నోటుపుస్తకం ఉంటుంది కదా. ఎవరు ఎంత చదివించారో అందులో ఉంటుంది. వాళ్ల ఇంట్లో కార్యం వచ్చినప్పుడు అంతకు అంత, కుదిరితే ఇంకొంచెం తిరిగి పెట్టాలి. అది ఒక రకంగా ఊరి బ్యాంకు. రేపు ఆసుపత్రి పాలైతే పిలిస్తే పలికేది ఆ నోటుపుస్తకంలో పేర్లున్నవాళ్లే.

అందుకే "అసలు విందే మానేయండి" అని ఒక పేద ఇంటికి సలహా ఇవ్వడం తేలిక, పాటించడం కష్టం. ఒక్కడే మానేస్తే ఆ పుస్తకంలోంచి అతని పేరు చెరిగిపోతుంది. పదిళ్లు కలిసి తగ్గిస్తే ఎవరి పేరూ చెరగదు.

ధర ఎక్కడ కడతారు?

ఇప్పుడు పెళ్లి లెక్క. షరీఅత్ ప్రకారం నికాహ్‌కు కావలసినవి ఎంత తక్కువో మనందరికీ తెలుసు. ఇద్దరి అంగీకారం, సాక్షులు, అమ్మాయికి అబ్బాయి ఇచ్చే మెహర్. విందు అంటే వలీమా, అదీ అబ్బాయి వైపు నుంచి, శక్తి కొద్దీ. అమ్మాయి తండ్రి మీద ఖర్చు పెట్టే బాధ్యతే లేదు. కానీ నడుస్తున్నది వేరు. సాంచక్, మెహందీ, ఫంక్షన్ హాలు, అమ్మాయి వాళ్ల విందు, జోడే కీ రఖం, జహేజ్ పేరుతో ఫ్రిజ్జు, వాషింగ్ మెషీన్, మంచం, బీరువా, బైకు. ఆ తర్వాత జుమాగీలు. ఏది దీన్‌లోది, ఏది ఊరి ఆచారం అన్న గీత ఎప్పుడో చెరిగిపోయింది.

ఈ జాబితా ఎవరు పెంచుతున్నారు? కూలీ ఇల్లు పెంచడం లేదు. మూడో ఇంట్లో ఒక పెళ్లి జరుగుతుంది. బెజవాడ నుంచి డెకరేషన్, మూడు రకాల బిర్యానీ, డ్రోన్ కెమెరా. పదిలక్షలు అయిందనుకుందాం. ఆ ఇంటికి అది ఒక ఏడాది మిగులు. పెళ్లయిన వారానికే మర్చిపోతారు. ఊరు మాత్రం మర్చిపోదు. మరుసటి ఏడాది రెండో ఇంట్లో సంబంధం మాట్లాడుకునేటప్పుడు "ఫలానా వాళ్లు అంత చేశారు, మీరు కనీసం ఇంతైనా..." అనే మాట వస్తుంది. అలా ఆరు లక్షలవుతుంది. ఆ తర్వాత మొదటి ఇంటికి చేరేసరికి మూడు లక్షలు. పులిని చూసి నక్క వాత పెట్టుకుందని నక్కను ఎగతాళి చేస్తాం. సంబంధం కుదరాలంటే వాత ఉండాల్సిందేనన్న ఊళ్లో నక్క ఏం చేస్తుంది?

ఇక్కడ అసలు నష్టం లెక్కేద్దాం. మొదటి ఇల్లు మూడు లక్షలు అప్పు తెచ్చింది. మన వైపు మామూలుగా వినబడే నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 6,000. నెలకు పన్నెండు వేలు వచ్చే ఇంట్లో సగం వడ్డీకే. ఏడాదికి 72,000. మూడేళ్లలో 2,16,000 కట్టినా అసలు మూడు లక్షలు అలాగే నిలబడి ఉంటుంది. వడ్డీ మన దీన్‌లో ఎంత పెద్ద పాపమో జుమా ఖుత్బాల్లో వింటూనే ఉన్నాం. తీసుకునేవాడి పాపం గురించి మాట్లాడతాం. కట్టాల్సిన గతి పట్టించిన ఊరి గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు.

ఇంకోలా చూడండి. ఐదువందల మందికి ప్లేటు 300 చొప్పున అనుకుంటే ఒక్క పూట విందు 1,50,000. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలీ రోజుకు 307 రూపాయలు. ఆ ఒక్క పూట భోజనం 488 రోజుల కూలీకి సమానం. ఏడాదికి నూరు రోజుల పని దొరికినా దాదాపు ఐదేళ్లు.

మధ్యలో ఉన్న ఇంటి పరిస్థితి ఇంకా ఇరకాటం. కూలీ ఇంటికి కనీసం "వాళ్లకు లేదులే" అనే సానుభూతి దొరుకుతుంది. మూడో ఇంటికి డబ్బుంది. రెండో ఇంటికి రెండూ లేవు. ఆరు లక్షల్లో రెండు లక్షలు చీటీ ఎత్తితే వస్తుంది. మిగతా నాలుగు బంగారం తాకట్టు, డ్వాక్రా అప్పు, చుట్టాల దగ్గర చేబదులు. ఆ పెళ్లి తర్వాత ఇంట్లో మొదట కోత పడేది దేని మీదో చూడండి. బైకు ఈఎంఐ ఆపలేరు, బండి పట్టుకుపోతారు. వడ్డీ ఆపలేరు. ఆగేది చిన్న కూతురి చదువే. "ఇంటర్ చాల్లే" అనే మాట చాలా ఇళ్లలో అలా పుట్టింది.

2019లో జరిగిన కేంద్ర సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ కుటుంబాల్లో 93.2 శాతం అప్పుల్లో ఉన్నాయి. ఒక్కో కుటుంబం మీద సగటు అప్పు 2,45,554 రూపాయలు, దేశంలోనే అన్నిటికన్నా ఎక్కువ. అందులో పంట అప్పులూ ఉన్నాయి, ఇంటి అప్పులూ ఉన్నాయి. ముందే నిండిన కుండ అది. పెళ్లి అప్పు దానిలో పోసే ఇంకో చెంబు.

"మా డబ్బు, మా ఇష్టం"

ఉన్నవాళ్ల వైపు మాట కూడా వినాలి. "మేం కష్టపడి సంపాదించాం, జకాత్ ఇస్తున్నాం, మా బిడ్డ పెళ్లి ఘనంగా చేసుకుంటే తప్పేంటి? వంటవాళ్లకు, షామియానా వాళ్లకు, పూలవాళ్లకు పని దొరుకుతుంది కదా" అంటారు. ఈ మాటలో న్యాయం ఉంది. ఫంక్షన్ హాలు మీద బతికే కుటుంబాలు మన మెట్ట ప్రాంతంలో తక్కువేం కాదు, వాటిలో మన వాళ్లూ ఉన్నారు.

అయితే ఆ వంటమాస్టర్‌కూ ఒక కూతురుంది. ఆ పెళ్లిలో అతనికి దొరికిన కూలీ ఒక రోజుది. ఆ పెళ్లి కట్టిన రేటు అతని కూతురి పెళ్లి నాటికి అతని మీద పడే బరువు కొన్నేళ్లది. అదే డబ్బు ఊళ్లో ఒక ట్యూషన్ సెంటర్‌కో, ఒక అమ్మాయి బీటెక్ ఫీజుకో, ఒక కుర్రాడికి ఎలక్ట్రీషియన్ పనిముట్లకో పెట్టినా పని దొరుకుతుంది. ఆ ఖర్చు పక్కింటివాళ్ల నెత్తిన అప్పుగా మారదు.

పదిమంది కళ్లలో పడడం కోసమే చేసే ఖర్చు గురించి అమెరికా ఆర్థికవేత్త థోర్‌స్టీన్ వెబ్లెన్ 1899లోనే పుస్తకం రాశాడు. మన పెద్దలు అదే సంగతిని "లోగ్ క్యా కహేంగే" అనే మూడు మాటల్లో చెబుతారు. జకాత్ కూడా ఈ కోణంలో ఆలోచించాల్సిందే. నిసాబ్ దాటిన సొమ్ము మీద 2.5 శాతం, అంటే లక్షకు 2,500. ఇది హక్కుదారులకు చేరాల్సిన సొమ్ము, చేరుతోంది కూడా. ఒక చేత్తో ఏడాదికి కొన్ని వేలు జకాత్ ఇచ్చి, ఇంకో చేత్తో పెళ్లి రేటు లక్షల్లో పెంచితే, పేద ఇంటికి చివరికి ముట్టింది ఎక్కువా, పోయింది ఎక్కువా? ఉన్నవాళ్లు ఈ లెక్క ఒక్కసారి కాగితం మీద వేసుకోవాలి.

బుడమేరు చెప్పిన పాఠం

ఖర్చుల్లో ఏది ముందు, ఏది వెనుక అన్నది మామూలు రోజుల్లో తెలియదు. ఆపద వచ్చినప్పుడు తెలుస్తుంది. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగినప్పుడు మన మండలంలోనే కవులూరు, శాంతినగర్ దగ్గర గట్లు తెగాయి. ఆ నీళ్లు బెజవాడ సింగ్‌నగర్ వైపు ముంచేశాయి. సైన్యం వచ్చి గండ్లు పూడ్చే పనిలో చేయి వేయాల్సి వచ్చింది. తర్వాత ప్రభుత్వం బెజవాడ ముంపు ప్రాంతాల్లో కింది అంతస్తు ఇళ్లకు 25,000, పై అంతస్తు వాళ్లకు 10,000 సాయం ప్రకటించింది.

ఆ 25,000 అందరికీ ఒకే అంకె. కూలీ ఇంటికి అది పొయ్యి, పరుపులు, రెండు నెలల తిండి. మధ్యతరగతి ఇంటికి పాడైపోయిన ఫ్రిజ్జు, బైకు రిపేరు. పై ఇంటికి అది కారు మెకానిక్ బిల్లుకు కూడా చాలదు. అయితే వరద మూడు ఇళ్లనూ ఒకే ప్రశ్న అడిగింది: మీ దగ్గర మూడు నెలలు గడిచే డబ్బు పక్కన ఉందా? పెళ్లి సామాన్లతో నిండిన బీరువా నీళ్లలో మునిగింది. చేతిలో రొక్కం మాత్రం లేదు. పెళ్లికి ఆరు లక్షలు తేగలిగిన ఇల్లు ఆపదకు అరవై వేలు పక్కన పెట్టలేకపోయిందంటే లోపం ఆదాయంలో ఒక్కచోటే లేదు.

నిర్ణయం ఎవరిది?

ఇంకో విషయం. ఇంట్లో ప్రాధాన్యాలు అంటున్నాం. ఎవరి ప్రాధాన్యాలు? తల్లికి వందనం డబ్బు తల్లి ఖాతాలోనే పడుతుంది. డ్వాక్రా అప్పు ఇల్లాలి పేరునే వస్తుంది. అది ఎటు వెళ్లాలన్న మాట మాత్రం చాలాసార్లు ఆమె చేతిలో ఉండదు. వారం వారం కంతులు కట్టలేక ఇళ్లు ఎలా నలిగిపోయాయో 2010 నాటి మైక్రోఫైనాన్స్ గొడవల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతా చూసింది. అక్టోబర్‌లో ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది. అప్పులు ఎక్కువగా ఆడవాళ్ల పేరున ఉండేవి, గుమ్మం ముందు అవమానమూ వాళ్లదే అయింది.

ఇద్దరు పిల్లలున్న ఇంటికి తల్లికి వందనం కింద 26,000 వచ్చిందనుకుందాం. అమ్మీ మనసులో అది పెద్దబ్బాయి ఫీజు, చిన్నదాని కళ్లద్దాలు. అబ్బా మనసులో అది బైకు డౌన్ పేమెంటు. కూర్చుని మాట్లాడుకుంటే రెండింటికీ దారి దొరకొచ్చు. మాట్లాడుకోకపోతే ఎవరి గొంతు పెద్దదైతే వాళ్లదే నిర్ణయం. డబ్బు రాకముందే ఇంట్లో ఈ మాట జరగాలి. వచ్చాక జరిగే మాట సాధారణంగా గొడవే అవుతుంది.

సర్కారు చేసింది, చేయలేనిది

పెళ్లి ఖర్చుల విషయంలో ప్రభుత్వాలూ చేయి పెట్టాయి. వరకట్న నిషేధ చట్టం 1961లోనే వచ్చింది. తెలంగాణలో షాదీ ముబారక్ 2014 అక్టోబర్‌లో 51,000 రూపాయలతో మొదలై తర్వాత 1,00,116కు పెరిగింది. మన రాష్ట్రంలో 2022 అక్టోబర్‌లో మొదలైన షాదీ తోఫా లక్ష రూపాయల సాయానికి ఒక షరతు పెట్టింది: అమ్మాయి, అబ్బాయి ఇద్దరూ పదో తరగతి పాసై ఉండాలి. పెళ్లి సాయాన్ని చదువుతో ముడిపెట్టడం మంచి ఆలోచనే. పథకాల పేర్లు, ప్రభుత్వాలు మారుతుంటాయి. ఆ షరతు వెనుక ఉన్న ఆలోచనను మనం ఇళ్లలో నిలబెట్టుకోవచ్చు.

సాయానికీ ఒక హద్దు ఉంది. లక్ష రూపాయలు వస్తాయని తెలిస్తే అవతలి వాళ్ల అడుగుడు కూడా లక్ష పెరిగే ఊళ్లున్నాయి. పాకిస్తాన్‌లోని పంజాబ్ రాష్ట్రం 2016లో పెళ్లి విందులో ఒకే కూర ఉండాలని చట్టమే చేసింది. కశ్మీర్‌లో 2017లో అతిథుల సంఖ్య మీద హద్దు పెడుతూ ఉత్తర్వు ఇచ్చారు. చట్టం దాకా పోయారంటే జబ్బు ఎంత ముదిరిందో అర్థం చేసుకోవచ్చు. బిర్యానీ దేగ్ దగ్గర ఎన్నాళ్లని పోలీసును కాపలా పెడతారు?

పైనుంచి మొదలవ్వాలి

రేటు పైనుంచి కిందికి దిగింది కాబట్టి తగ్గించడం కూడా పైనుంచే మొదలవ్వాలి. పేద ఇంటివాడు సాదాగా నికాహ్ చేస్తే "పాపం, లేదులే" అంటారు. ఉన్న ఇంటివాడు మసీదులో నికాహ్ చేసి, వలీమాకు ఒక బిర్యానీ, ఒక తీపితో సరిపెడితే అది ఊరికి కొత్త రేటు అవుతుంది. మూడో ఇంటివాళ్లు మర్యాద పోగొట్టుకోకుండా ఖర్చు తగ్గించగలరు, ఎందుకంటే వాళ్లకు ఉందని అందరికీ తెలుసు. ఆ వెసులుబాటు మిగతా రెండు ఇళ్లకూ లేదు.

మసీదు కమిటీలు, జమాత్ పెద్దలు చేయగలిగింది కూడా ఉంది. ఊళ్లో నాలుగైదు ఉన్న కుటుంబాలను ముందు ఒప్పించి, అమ్మాయి వైపు విందు, జోడే కీ రఖం ఉండవని ఒక మాట అనుకోవాలి. ఉన్న షాదీఖానాను శుభ్రంగా, తక్కువ అద్దెకు అందుబాటులో పెట్టాలి. బైతుల్‌మాల్ ఉన్న చోట పెళ్లి సాయం కంటే ముందు ఫీజులకు, వైద్యానికి, పనిముట్లకు కర్జె హసనా ఇవ్వాలి. వడ్డీ లేని అప్పు దొరికితే నూటికి రెండు రూపాయల వాడి గడప తొక్కే పని తప్పుతుంది.

ఇళ్ల దగ్గర చేయాల్సింది ఇంకా చిన్నది. డబ్బు రాకముందే ఒక కాగితం మీద మూడు వరుసలు రాసుకోవాలి. ఆగితే ప్రాణానికో చదువుకో దెబ్బ తగిలేవి మొదటి వరుస. ఆగినా నడిచేవి రెండో వరుస. ఎవరో చూస్తారని చేసేవి మూడో వరుస. ఆదాయం పన్నెండు వేలైనా లక్ష అయినా వరుసలు ఇవే. తేడా ఏమిటంటే కూలీ ఇంట్లో మొదటి వరుసకే డబ్బు అయిపోతుంది, మూడో వరుస అప్పుతో నడుస్తుంది. పై ఇంట్లో మూడూ నడుస్తాయి. పై ఇంటి మూడో వరుస ఎంత పొడుగైతే కింది ఇంటి అప్పు అంత పొడుగవుతుంది.

జీఎస్టీ రేపు పెరగొచ్చు, ఇంకా తగ్గొచ్చు. పథకాలు ఉండొచ్చు, పోవచ్చు. అవి మన చేతిలో లేవు. వచ్చే పెళ్లిళ్ల సీజన్‌లో మన ఊళ్లో మొదటి పెద్ద పెళ్లి ఎలా జరుగుతుందన్నది మాత్రం మన చేతిలోనే ఉంది. ఆ ఇల్లు మీదైతే, ఆ పూట వేసే ప్రతి అదనపు ప్లేటు బిల్లు మీ ఒక్కరిదే కాదు. మీ తర్వాత పెళ్లి చేయబోయే కూలీ ఇల్లు కూడా దాన్ని కడుతుంది, అదీ వడ్డీతో.